కామెర్లొచ్చిన నాన్న, కామెర్లు రాని మావయ్య

మా నాన్నకి 1994లో పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి, ఒళ్లంతా దురద, అన్నం వాసన తగిలితే చాలు వాంతి. రెండు నెలలు మగ్గం ఎక్కలేదు. ఆ రెండు నెలలూ నాన్న మగ్గం మీదున్న చీరని మా మావయ్యే, అంటే అమ్మ తమ్ముడే, తన పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని నేశాడు. ఇచ్ఛాపురం దాటాక ఒక ఊళ్లో పసరు మందు పోస్తారని విని నాన్నని బస్సులో తీసుకెళ్లింది కూడా ఆయనే. నాన్న కోలుకున్నాడు. ఇప్పటికీ బజారుకి నడిచే వెళ్లొస్తాడు.

మావయ్యకి మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా కామెర్లు రాలేదు. మందు తాగడు, చుట్ట కాల్చడు. 2011లో కుడివైపు డొక్కలో నొప్పిగా ఉందని స్కాన్ తీయిస్తే లివర్‌లో పెద్ద గడ్డ కనబడింది. కేన్సర్. నాలుగు నెలలు కూడా బతకలేదు. అప్పటికి ఆయనకి 44 ఏళ్లు.

ఇద్దరికీ సోకింది ఒకటే వైరస్, హెపటైటిస్ బి.

మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పిన కారణం ఒకటే: "మీ నాన్నకి పసరు పట్టింది, వాడు ఏ మందూ వేసుకోలేదు." నేను బరంపురంలో రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజుకి పాతిక ముప్పై హెపటైటిస్ పరీక్ష కార్డులు చూసే నాకే ఈ లెక్క అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. జబ్బు పడి మంచం పట్టినవాడు బతకడమేమిటి, ఏ జబ్బూ లేకుండా తిరిగినవాడు పోవడమేమిటి? ఈ వ్యాసంలో విప్పాలనుకున్న ముడి ఇదే. ఇది మా ఇంటి ముడి మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 2.98 కోట్ల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

మావయ్య పోయాక ఇంట్లో అందరి రక్తం నేనే తీశాను. ఆయన చికిత్స పొందిన చోట ఫైలు మొదటి పేజీలోనే పాజిటివ్ అని రాసి ఉంది, కానీ ఇంట్లోవాళ్లకి కూడా పరీక్ష చేయించమని మాకెవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. కార్డు మీద చిన్న గుంట ఉంటుంది. అందులో మూడు చుక్కల సీరం వేస్తే తడి మెల్లగా పైకి పాకుతుంది. 'సి' అన్నచోట గీత తప్పకుండా రావాలి, రాకపోతే ఆ కార్డు పనికిరానట్టు. 'టి' దగ్గర రెండో గీత వస్తే ఒంట్లో వైరస్ ఉన్నట్టు. పదిహేను నిమిషాలు ఆగాలి. అమ్మమ్మ కార్డులో 'టి' గీత రెండు నిమిషాలకే ముదురు గులాబీ రంగులో తేలింది. అమ్మకి, అత్తకి, నాన్నకి గీత రాలేదు. వేరే పరీక్ష చేస్తే ముగ్గురికీ వైరస్ ఎప్పుడో వచ్చి పోయిన ఆనవాళ్లు మాత్రం ఉన్నాయి. అప్పటికి పదిహేడేళ్ల మా మరదలికి, మావయ్య కూతురికి, గీత వచ్చింది. సన్నగా, వెంట్రుకలా. బావమరిది, మావయ్య కొడుకు, ఆ రోజు ఊళ్లో లేడు.

ఈ కార్డుల్ని వరసగా పెట్టి, ఎవరికి ఏ వయసులో సోకి ఉంటుందో పక్కన రాసుకుంటే సమాధానం అందులోనే ఉంది. పుట్టుకలోనే వైరస్ సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు సోకితే 25 నుంచి 50 మందికి. పెద్దయ్యాక సోకితే ఐదుగురి కన్నా తక్కువ. వైరస్ అదే, దాని జన్యువులూ అవే. తేడా అంతా అది మన ఒంట్లోకి ఎప్పుడు వచ్చిందన్న దాంట్లోనే ఉంది. మావయ్యకి అమ్మమ్మ దగ్గర్నుంచి పుట్టినప్పుడే వచ్చింది. నాన్నకి ముప్పై దాటాక, బహుశా అప్పట్లో ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడిన గాజు సిరంజి సూది వల్ల. మరదలికి చిన్నతనంలో, ఇంట్లోనే. తండ్రి గడ్డం గీసుకున్న బ్లేడుతో గోళ్లు తీయడం, మోకాలి పుండుకి పుండు తగలడం, ఒకే బ్రష్షు వాడటం. పిల్లల మధ్య, పెద్దల నుంచి పిల్లలకి ఇది ఇలాగే పాకుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ వైరస్ నేరుగా లివర్ కణాన్ని చంపదు. లోపల కూర్చుని నకళ్లు తీసుకుంటూ ఉంటుంది, అంతే. కణాల్ని చంపేది మన ఒంటి రక్షణ వ్యవస్థ. వైరస్ దాక్కున్న కణాన్ని గుర్తుపట్టి, ఆ కణంతో సహా తుడిచేస్తుంది. అలా ఒకేసారి లక్షల కణాలు పోయినప్పుడు కళ్లు పచ్చబడతాయి. నాన్న కళ్లలో మేం చూసిన పసుపు ఆ యుద్ధానిదే. పసరు తాగకపోయినా ఆయన లేచేవాడు. పుట్టిన బిడ్డకి అలాంటి యుద్ధం చేసే సత్తా ఇంకా రాదు, రాకూడదు కూడా. తొమ్మిది నెలలు తల్లి ఒంట్లో ఉన్న బిడ్డ, తల్లి కణాల మీద తిరగబడకుండా ఉండాలంటే ఓర్పు నేర్చుకునే పుట్టాలి. ఆ ఓర్పునే ఈ వైరస్ వాడుకుంటుంది. పైగా అది విడుదల చేసే ఒక ప్రోటీను మాయ దాటి బిడ్డలోకి చేరుతుంది. అప్పుడు బిడ్డ ఒళ్లు దాన్ని పరాయిదని కాక తనదే అన్నట్టు చూడటం మొదలుపెడుతుంది. మావయ్య ఒళ్లు నలభై ఏళ్లు ఆ వైరస్‌ని ఇంటి మనిషిలా చూసుకుంది.

ఆ నలభై ఏళ్లలో లోపల జరిగిందే కేన్సర్ కథ. తైవాన్‌లో పామర్ బీజ్లీ, ఆయన బృందం 22,707 మంది ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించి 1981లో ఫలితాలు ప్రచురించారు. వైరస్ ఉన్నవాళ్లకి లివర్ కేన్సర్ వచ్చే ప్రమాదం లేనివాళ్ల కన్నా 223 రెట్లు ఎక్కువని తేలింది. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ ఉన్న బంధం కన్నా ఇది ఎన్నో రెట్లు గట్టిది. అప్పటిదాకా కేన్సర్‌కి వైరస్ కారణమంటే నమ్మనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. 2018లో ప్రపంచంలో కొత్తగా వచ్చిన కేన్సర్లలో సుమారు 22 లక్షలు, అంటే నూటికి 13, ఏదో ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చినవే. అందులో హెపటైటిస్ బి వాటా 3 లక్షల 60 వేలు.

లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి మా ఇంటి మగ్గమే నాకు బాగా సాయపడుతుంది. తాతగారి మగ్గం మీద జకార్డు పెట్టె ఉండేది. దాంట్లో చిల్లులు పొడిచిన అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. చిల్లు ఉన్నచోట కొక్కెం పడి పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ దారాలు లేస్తాయో దాన్నిబట్టి అంచులో కుంభాలు పడతాయి. పడుగు ఒకటే. అట్టలు మారిస్తే చీర మారిపోతుంది. చిన్నప్పుడు నేనోసారి ఆటకి ఒక చిల్లు మీద మైనం అంటించాను. గజం నేశాక చూస్తే కుంభం పక్కన గీతలా ఖాళీ వచ్చింది. దారం తెగలేదు, పడుగులోనే ఉంది, పైకి లేవలేదంతే. ఆ చీర ఎవరూ కొనలేదు, అమ్మే కట్టుకుంది.

మన ఒంట్లో పడుగు డీఎన్‌ఏ. లివర్ కణంలోనూ, కంటి కణంలోనూ అదే డీఎన్‌ఏ. దాదాపు ఇరవై వేల జన్యువుల్లో ఏది ఎక్కడ పనిచేయాలో చెప్పే అట్టలు వేరే ఉన్నాయి. డీఎన్‌ఏ మీద అక్కడక్కడ అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు మైనం ముద్దలాంటిది. జన్యువు మొదట్లో అది పడితే ఆ జన్యువు సాధారణంగా మూగబోతుంది. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్లనే ప్రోటీన్ల మీద ఇంకో రకం గుర్తులుంటాయి. చుట్ట బిగుసుకుంటే జన్యువు చదవడానికి అందదు, వదులైతే అందుతుంది. కణం రెండుగా చీలినప్పుడు ఈ గుర్తులూ నకలవుతాయి. జన్యువు మారకుండా జన్యువు పనితీరు మారే ఈ ఏర్పాటు గురించిన శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఆ పేరు పెట్టింది కాన్రాడ్ వాడింగ్టన్, 1942లో.

హెపటైటిస్ బి లివర్ కణం నడిబొడ్డులోకి చేరాక తన డీఎన్‌ఏని ఉంగరంలా మూసేసి, మన హిస్టోన్లనే దాని చుట్టూ చుట్టుకుంటుంది. చూడటానికి అది మన క్రోమోజోము ముక్కలాగే ఉంటుంది. మన కణం దాన్ని మూగబోయేలా చేయడానికి ప్రయత్నిస్తుంది. వైరస్ దగ్గర దానికి విరుగుడుగా ఒక ప్రోటీను ఉంది, పేరు హెచ్‌బీఎక్స్. మన కణంలో పరాయి డీఎన్‌ఏని తొక్కిపెట్టే యంత్రాంగాన్ని అది విరగ్గొడుతుంది. అక్కడితో ఆగకుండా మన జన్యువుల మీద మిథైల్ గుర్తులు వేసే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. కణం అదుపు తప్పకుండా పట్టి ఉంచే జన్యువులు కొన్నుంటాయి, కేన్సర్‌కి పగ్గాల్లాంటివి. లివర్ కేన్సర్ ముక్కల్ని పరీక్షిస్తే పీ16 లాంటి పగ్గాల మీద ఈ మైనం తరచుగా కనబడుతుంది. జన్యువు చెడలేదు, నోరు మూయించబడింది. దీనికి తోడు వైరస్ డీఎన్‌ఏ ముక్కలు మన డీఎన్‌ఏలో ఇరుక్కోవడం, కణాలు కొద్దికొద్దిగా చస్తుంటే పక్క కణాలు చీలి ఖాళీ నింపడం, ఆ చీలికల్లో తప్పులు దొర్లడం. నలభై ఏళ్లపాటు రోజూ ఇదే. చిన్నప్పుడే సోకినవాళ్లలో నూటికి 15 నుంచి 25 మంది చివరికి లివర్ గట్టిపడటం వల్లో కేన్సర్ వల్లో చనిపోతారు. ఇప్పుడున్న మాత్రలు వైరస్‌ని బాగా అణచిపెడతాయి, కేన్సర్ ప్రమాదాన్ని తగ్గిస్తాయి, కానీ ఆ ఉంగరాన్ని కణంలోంచి తీసేయలేవు. మాత్రలు మానొద్దని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే.

ఈ అగ్గికి ఆజ్యం పోసేది మన గింజల డబ్బాలోనే ఉంటుంది. వానాకాలంలో సరిగా ఎండని వేరుశనగ పిక్కల మీద, మొక్కజొన్న మీద పట్టే పసుపుపచ్చ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. షాంఘైలో జరిగిన అధ్యయనంలో ఈ విషం ఒక్కటే ఉన్నవాళ్లకి లివర్ కేన్సర్ ప్రమాదం మూడు రెట్లకి పైగా, వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లకి పైగా, రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు ఉంది. కూడిక కాదు, గుణకారాన్ని కూడా మించిపోయింది. "పై బూజు దులిపి వేయించేయ్, పోతుంది" అంటారు మన ఇళ్లలో. పోదు. వేయించినా ఆ విషం పూర్తిగా చావదు. పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో గర్భిణులు ఈ విషం తిన్న మోతాదుని బట్టి బిడ్డల డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తుల్లో తేడాలు కూడా కనిపించాయి.

గాంబియా పేరు ఎత్తాను కాబట్టి అక్కడి ఇంకో సంగతి చెప్పాలి. మన గజపతి, రాయగడ కొండల్లోలాగే అక్కడా వానాకాలం ఆకలి కాలం. పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు. మన కొండల్లో మామిడి టెంకల పిండి అంబలి కాచుకునే రోజులవి. బిడ్డ కడుపున పడ్డ తొలి రోజుల్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన పాత గుర్తులు దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయి కొత్తవి పడతాయి. అంటే మగ్గానికి అట్టలు కట్టేది అప్పుడే. మిథైల్ గుర్తు తయారవ్వాలంటే తల్లి తిండిలో ఆకుకూరల నుంచి వచ్చే ఫోలేటు, కొన్ని బి విటమిన్లు కావాలి. మరి ఏ రుతువులో బిడ్డ కడుపున పడితే ఏమవుతుంది? గాంబియా పల్లెల్లో వానాకాలంలో పడ్డ బిడ్డలకీ, ఎండాకాలంలో పడ్డ బిడ్డలకీ కొన్నిచోట్ల గుర్తుల్లో తేడా ఉందని 2014లో తేలింది. ఆ మరుసటి ఏడాది, రుతువుకి అన్నిటికన్నా ఎక్కువగా స్పందించే చోటు వీటీఆర్‌ఎన్‌ఏ2-1 అనే జన్యువని పట్టుకున్నారు. ఆ గుర్తు పిల్లల్లో కనీసం పదేళ్లు చెక్కుచెదరలేదు. ఆ జన్యువు చేసే పని చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. కణంలో వైరస్ జాడ పసిగట్టే కాపలా ప్రోటీను ఒకటుంది, దాని పగ్గం ఈ జన్యువు చేతిలోనే ఉంది. కేన్సర్‌ని అడ్డుకునే జన్యువుల జాబితాలోనూ దీని పేరుంది. వైరస్, కేన్సర్, తల్లి కడుపు, వానాకాలం, నాలుగూ ఒక్కచోట కలిశాయి.

ఇలాంటిదే నెదర్లాండ్స్‌లోనూ చూశారు. 1944–45 చలికాలంలో జర్మన్లు తిండి సరఫరా ఆపేస్తే అక్కడి పట్టణాల్లో కరువొచ్చింది. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్లని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ల అన్నదమ్ముల కన్నా, అక్కచెల్లెళ్ల కన్నా తక్కువగా ఉన్నాయి.

అయితే ఈ కథల్ని పట్టుకుని మరీ దూరం పోకూడదు. గాంబియాలో ఆకలి కాలంలో పుట్టినవాళ్లు పెద్దయ్యాక అంటురోగాలతో త్వరగా పోతున్నారని 1997లో ఒక అధ్యయనం చెప్పింది. అదే విషయం బంగ్లాదేశ్‌లో, సెనెగల్‌లో వెతికితే కనబడలేదు. పుట్టగానే వేసే బీసీజీ టీకా సంగతీ అంతే. అది తెల్లకణాల హిస్టోన్ల మీద గుర్తులు వేసి, క్షయతో సంబంధం లేని రోగాలకి కూడా ఒంటిని సిద్ధం చేస్తుందని తేలింది. గినీ-బిస్సావులో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల మరణాలు దానివల్ల తగ్గాయి. మన పుదుచ్చేరిలో, చెన్నైలో రష్యా రకం బీసీజీతో ప్రయత్నిస్తే తగ్గలేదు. క్షయ కోసం బీసీజీ వేయించాల్సిందే, దాని మీద మిగతా ఆశలు మాత్రం ఇంకా నికరం కాలేదు. రక్తంలో గుర్తు చూసి ఈ బిడ్డకి రేపు కేన్సర్ వస్తుందో రాదో చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. ఎవరైనా అమ్మజూపితే డబ్బు దండగ.

పొగాకు సంగతి వేరు, దాని గుర్తు చాలా స్పష్టం. గర్భంతో ఉండి సిగరెట్ కాల్చిన తల్లుల బిడ్డల బొడ్డుతాడు రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు మీద గుర్తు మారిపోయి ఉంటుందని 2012లో చూపించారు. మన వీధుల్లో ఆడవాళ్లు సిగరెట్ కాల్చరు గానీ గుడాఖుతో పళ్లు తోముకుంటారు. వేవిళ్లకి మంచిదని అరచేతిలో ఇంకొంచెం వేసి ఇచ్చే అత్తగార్లు ఉన్నారు. అది పొగాకే. దయచేసి ఇవ్వకండి.

చిన్నప్పుడు సోకితే అన్ని వైరస్‌లూ ఇంతే అనుకోవద్దు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ని చూడండి. 1964లో ఆఫ్రికా పిల్లల దవడ కణితుల్లో దొరికిన ఈ వైరస్ ప్రపంచంలో నూటికి 95 మంది పెద్దల ఒంట్లో ఉంటుంది. మన దగ్గర ముద్దు పెట్టుకోవడం వల్ల, నమిలి పెట్టిన ముద్ద వల్ల పసితనంలోనే సోకి, ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది. పదిహేనేళ్లు దాటాక తొలిసారి సోకితేనే వారాల తరబడి జ్వరం, గొంతునొప్పి. హెపటైటిస్ బికి సరిగ్గా తిరగేసిన లెక్క ఇది. కానీ మలేరియా విడవకుండా కాచే ఆఫ్రికా ప్రాంతాల్లో, చిన్నప్పుడే ఈ వైరస్, దాని మీద మళ్లీ మళ్లీ మలేరియా కలిసి బర్కిట్ లింఫోమా అనే కేన్సర్‌కి దారితీస్తాయి. ఈ వైరస్ మిథైల్ గుర్తుల్ని వాడుకునే తీరు ఇంకా విచిత్రం. వైరస్ ఒంట్లోకి వచ్చేటప్పుడు దాని డీఎన్‌ఏ మీద ఏ గుర్తూ ఉండదు. మన తెల్లకణంలో స్థిరపడ్డాక ఒళ్లంతా గుర్తులు వేయించుకుని, తన జన్యువుల నోరు తానే మూసుకుని నిద్రపోతుంది. ప్రోటీన్లు బయటపడవు కాబట్టి కాపలావాళ్లు పట్టుకోలేరు. జీర్ణాశయ కేన్సర్లలో నూటికి తొమ్మిదింట ఈ వైరస్ ఉంటుంది, ఆ గడ్డల్లో మన జన్యువుల మీద కూడా మిథైల్ గుర్తులు విపరీతంగా పేరుకుపోయి ఉంటాయి.

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కి కారణమైన హెచ్‌పీవీ గురించి ఒక్క ముక్క. అది పెద్దయ్యాక లైంగికంగా సోకుతుంది, దాని టీకా మాత్రం అంతకుముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య, పడాలి. మన దేశంలోనే తయారైన టీకాకి 2022లో అనుమతి వచ్చింది. ఇంట్లో ఆ వయసు ఆడపిల్ల ఉంటే అడిగి తెలుసుకోండి.

ఈ శాస్త్రం తల్లుల నెత్తిన కొత్త నిందగా పడకూడదు. నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదు, నీ రోగమే వాడికిచ్చావు" అనడానికి మన ఇళ్లలో మనుషులకి కొదవ లేదు. మావయ్య పోయినప్పుడు అమ్మమ్మకి పాజిటివ్ అని నేను చెప్పాక, ఆవిడ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ పురుడు పోసుకున్న 1967లో ఈ వైరస్ పైపొర ప్రోటీనుని ఎక్కడో అమెరికాలో బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో అప్పుడప్పుడే గుర్తిస్తున్నారు. టీకా లేదు, పరీక్ష లేదు. ఆవిడకి తెలిసే దారే లేదు. ఆ మాట ఆవిడ పక్కన కూర్చుని నేను చెప్పాల్సింది. ఆలస్యంగా చెప్పాను.

పైగా హెపటైటిస్ బి తల్లి నుంచి బిడ్డకి ఎక్కువగా సోకేది కడుపులో కాదు, కాన్పు సమయంలో, రక్తం తగిలి. ఏ అడ్డూ లేకపోతే, వైరస్ ఉధృతంగా ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి 70 నుంచి 90 మందికి సోకుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు, వీలైనంత తొందరగా, తొడలో అర మిల్లీలీటరు టీకా వేస్తారు. ఆ తర్వాత 6, 10, 14 వారాల్లో మిగతా డోసులు. వైరస్ ఎక్కువగా ఉన్న గర్భిణులకి ఆఖరి మూడు నెలలు టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. వైరస్ ఉన్న తల్లి బిడ్డకి టీకాతో పాటు రెండో తొడలో ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా వేస్తారు. తల్లి పాలివ్వచ్చు. తైవాన్ 1984లో ఈ టీకా మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లివర్ కేన్సర్ లక్షకి 0.70 నుంచి 0.36కి, అంటే సగానికి, పదేళ్లలో పడిపోయింది. ఒక టీకా కేన్సర్‌ని ఆపగలదని లోకం కళ్లారా చూసింది అప్పుడే. మన దేశంలో 2011 నుంచి ఈ టీకా అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది, ఉచితం. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు కూడా ఉచితమే.

మరదలికి 2019లో కాన్పు. ఆరో నెలలోనే వైరస్ లెక్క చూపించాం, తక్కువే ఉంది, మాత్రలు అక్కర్లేదన్నారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ముందే కొని మా ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టాను. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒక నర్సింగ్ హోంలో పాప పుట్టింది. టీకా అడిగితే "సోమవారం వేస్తాం, ఏం కంగారు?" అన్నారు. సోమవారానికి 36 గంటలు దాటిపోతాయి. నేను తెరిచి ఉన్న మందుల షాపు కోసం రెండు చోట్ల తిరిగి, పిల్లల డోసు ఒకటి కొని, ఐసు ప్యాక్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తెచ్చాను. గడ్డ కడితే ఈ టీకా చచ్చిపోతుంది. తెలిసిన పిల్లల డాక్టరుగారు పొద్దున ఎనిమిదింటికి వచ్చి రెండు తొడల్లోనూ రెండూ వేశారు. పదకొండో గంట. ఆరో రోజు రాత్రి విధాత వచ్చి నుదుట రాసిపోతాడని అత్త పాప తల దగ్గర కాగితం, పెన్ను పెట్టింది. మా పక్కింటి ఒడియా వాళ్లూ అలాగే చేస్తారు. "రాయనీ అత్తా, మనం రాయాల్సింది ఐదు రోజుల ముందే రాసేశాం" అన్నాను. ఆ రోజు ఆవిడ చాలాసేపు నవ్వింది.

ప్రభుత్వాసుపత్రుల్లో ఆలస్యానికి ఇంకో కారణం విన్నాను. వయల్‌లో పది డోసులుంటాయి, ఒక్క బిడ్డ కోసం తెరిస్తే మిగతా తొమ్మిదీ వృథా అని భయం. వృథా కావు. తెరిచిన తేదీ రాసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెడితే ఈ వయల్‌ని నాలుగు వారాలు వాడుకోవచ్చని ప్రభుత్వ నిబంధనే ఉంది. మీ ఇంట్లో కాన్పు ఉంటే సిస్టర్‌కి ఈ మాట మెల్లగా గుర్తుచేయండి. తల్లికి నెగెటివ్ వచ్చినా సరే, బిడ్డకి ఆ డోసు పడాలి.

పాపకి ఏడాది నిండే ముందు నేనే రక్తం తీశాను. చిన్న వేళ్లు, ఏడుపు, అత్త నా వీపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. 'సి' దగ్గర గీత వచ్చింది. 'టి' దగ్గర తెల్లగానే ఉంది. పదిహేను నిమిషాలయ్యాక ఇంకో ఐదు నిమిషాలు ఆగి చూశాను, మార్పు లేదు. మరదలు ఆరు నెలలకోసారి స్కాన్ తీయించుకుంటోంది.

బావమరిది సూరత్‌లో మరమగ్గాల మీద ఉన్నాడు. ఇక్కడ నేత పని దొరక్క మా వీధి కుర్రాళ్లు సగం మంది అక్కడే. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి పాజిటివ్ వస్తే ఎలా అని వాడి భయం. అమ్మాయికి ముందే మూడు డోసుల టీకా వేయిస్తే చాలని, పెళ్లి ఆగక్కర్లేదని ఫోన్లో చెప్పాను. దసరాకి వస్తానన్నాడు. వాడి పేరు రాసి ఒక కార్డు పక్కన పెట్టాను.